కింది ముడత

మధ్యాహ్నం భోజనమై గిన్నెలు సర్దాక రావమ్మ బొటనవేలంత అయిపోతుంది. డాబా మీద కుండీల్లో మిరప మొక్కలెక్కి, ఆకుల వెనక తిరిగి, ఏ పురుగు పట్టిందో చూసుకుని, కాఫీ వేళకు మామూలు మనిషై కిందికి దిగుతుంది. ఉయ్యూరులో ఆ వీధివాళ్ళకు అదేం వింత కాదు. "మీ అత్తగారు చిన్నవాళ్ళయ్యారా? మా వంగమొక్క కూడా ఓసారి చూడమనండి," అని గేటు దగ్గర చెప్పి పోతుంటారు.

కోడలు రాజేశ్వరి ఏడుపు వేరే. అత్తగారు బట్టల తీగ మీద నడుచుకుంటూ పక్క డాబాకు పోతోంది. అక్కడ నర్సు ఎలిజబెత్ అరచెయ్యి చాపి దింపుకుంటుంది. ఆవిడ పెయింటు డబ్బాల్లో మిరప విరగకాసింది. రాజేశ్వరి మొక్కలేమో ముడుచుకుపోయాయి. అత్తగారు తనకు, కాపు ఆవిడకా! తలుచుకుంటే చాలు, కడుపు భగ్గున మండేది.

ఎలిజబెత్ కొమ్మలకు పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు వేలాడదీస్తే, రాజేశ్వరి అంతకంటే పెద్దవి తెచ్చి కట్టింది. అత్తగారిని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టేగా!

ఒకరోజు ఎలిజబెత్ గిన్నెడు పచ్చిమిరపకాయలు పిట్టగోడ మీద పెట్టింది. "రాజేశ్వరిగారూ, ఇవి మీరుంచుకోండి. మీవి కాయట్లేదుగా!"

మంచిగానే అంది. అదే రాజేశ్వరికి భరించరానిదైంది. ఒళ్ళంతా కుతకుతలాడింది. చూస్తుండగానే గోడ ఆకాశానికి పోయింది. చూసుకుంటే తను తన మిరపాకు కిందే ఉంది, బొటనవేలంతై.

తలెత్తింది. ఆకు అంచులు రెండూ కిందికి వంగి ఉన్నాయి. ఈనె పక్కన లేత పసుపు నలుసులు నడుస్తూ రసం పీలుస్తున్నాయి.

"నల్లి! అత్తయ్యా, ఇది మిరపకు పట్టే నల్లి!"

రావమ్మ మామూలు మనిషిగానే మెట్లెక్కి వచ్చి, వంగి చూసింది. "ఎలిజబెత్ వాళ్ళ ఆకులు అప్పట్లో పైకి ముడుచుకున్నాయి. అది తామరపురుగు, నీలం అట్టలు దానికి. నీవి కిందికి ముడుచుకున్నాయి. ఎగరని నల్లికి అట్టలేం చేస్తాయమ్మా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వడిగావా?" కోడలికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టింది. "నాకూ ఇలాగే మొదలైందిలే. మా తోడికోడలి కాకరపాదు చూసి. ఇక నాకు ఓపిక లేదు, నువ్వు చూసుకో."

ఆ తర్వాత రావమ్మ మళ్ళీ చిన్నదవలేదు. మర్నాడు గిన్నెలు సర్ది, తీగ మీద నడిచింది రాజేశ్వరే. ఎలిజబెత్ అరచెయ్యి చాపి, ఆమెను ఆకుల కిందికి ఎత్తి పట్టుకుంది. నిగనిగలాడే ఆకులు. వెనక ఒక్క పురుగూ లేదు. రాజేశ్వరికి మళ్ళీ కడుపు మండింది. ఇంకో గోరంత తగ్గింది. అప్పుడు కనిపించాయి, ఇందాక లేవనుకున్న తెల్లదోమ గుడ్లు.

నోరు మూసుకుంటే కొన్నాళ్ళలో ఈ కాపంతా పోతుంది. ఆ ఆలోచన రాజేశ్వరికి తియ్యగానే ఉంది. కాళ్ళ కింద ఎలిజబెత్ అరచెయ్యి చెమట పట్టినా, కదలకుండా ఉంది.

"ఏమైనా ఉందాండీ?"

"తెల్లదోమ గుడ్లండీ!" ఉక్రోషంగా అరిచింది రాజేశ్వరి. "తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇప్పుడే!"