మోచేత్తో నొక్కే బొత్తాం

“ఆ దగ్గేదో బయటికెళ్ళి దగ్గకూడదా అమ్మాయ్, పాప లేస్తుంది,” అంది అత్తయ్య పొద్దున్నే. తోముతున్న గిన్నె తొట్లోనే వదిలి, వెనక గుమ్మంలో నిలబడి దగ్గి వచ్చాను. ఆవిడ మాటలో తప్పేం లేదు, పాప నిద్ర నాకూ కావాలి. మూడు వారాలైంది ఈ దగ్గు మొదలై. మా ఆయన మొదటి వారం “చల్లనీళ్ళు తాగకు” అన్నాడు, రెండో వారం “నీకసలు ఒంటి మీద ధ్యాసే లేదు” అన్నాడు, మూడో వారం తన దుప్పటి తీసుకుని పక్క గదిలోకి మారిపోయాడు. పాప మాత్రం నా దగ్గరే పడుకుంటుంది. రెండేళ్ళది, నా మెడలో మొహం దాచుకుంటే తప్ప దానికి నిద్ర పట్టదు. ఈ ఇంట్లో క్షయ అంటే ఏమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఆ పరీక్షలు చేసే ల్యాబులో ఆరేళ్ళుగా టెక్నీషియన్‌ని. అన్నీ తెలిసి నోరు మూసుకున్నాను. నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా నాకే తెలుసు. పాపని నా చేతుల్లోంచి తీసుకుంటారు, “నిన్నెవరు ఉద్యోగం చెయ్యమన్నారు” అంటారు, ఆ తర్వాత ఉద్యోగమూ ఉండదు. చెప్పకపోతే పాప ఏమవుతుందో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో గిన్నె తోమాను.

ల్యాబులో కఫం పరీక్షలన్నీ గాజు తలుపున్న క్యాబినెట్‌లో చేస్తాం. గాజు కింద సందులోంచి చేతులు లోపల పెట్టి పని చేస్తుంటే, ఫ్యాను గాలిని మన వైపు నుంచి లోపలికి లాగి, ఫిల్టర్లలో వడగట్టి వదులుతుంది. క్రిములు మన మొహం మీదికి రాకుండా అడ్డుపడేది ముఖ్యంగా ఆ గాలే. ఆ క్యాబినెట్‌కి రెండు రకాల కూతలున్నాయి. గాజు మరీ ఎత్తితే ఆగకుండా కూస్తుంది, దించగానే మానేస్తుంది, పాపం బుద్ధిమంతురాలు. గాలి తగ్గితే మాత్రం ఎర్ర దీపం వెలిగించి ఆగి ఆగి కూస్తుంది, అప్పుడు గాజు ఎంత దించినా వినదు. అలా కూసినప్పుడు ట్యూబుల మూతలు బిగించి, పని ఆపి, పైవాళ్ళకి చెప్పాలని గోడ మీద కాగితం ఉంది. గుండ్రటి అక్షరాలతో రాసి అంటించింది నేనే.

ఎనిమిది నెలల కిందట ఆ రెండో కూత మొదలైన రోజు పరుగెత్తుకుంటూ పెద్దడాక్టరు దగ్గరికి వెళ్ళాను. “ఫిల్టరు కోసం రాశాం కదమ్మా, వస్తుంది. రోగులు ఆగుతారా చెప్పు. మీ ఆడవాళ్ళకి ప్రతిదానికీ కంగారే, కాస్త సర్దుకోండి,” అన్నాడు. సర్దుకోవడం నాకొకరు నేర్పాలా, పెళ్ళైన మర్నాటి నుంచీ చేస్తున్న పని అదేగా. కూత ఆపడానికి ఒక బొత్తాం ఉంది, నొక్కితే ఐదు నిమిషాలు ఊరుకుంటుంది. గ్లోవులకి కఫం అంటి ఉంటుంది కనక మోచెయ్యి ఎత్తి దాంతో నొక్కడం అలవాటు చేసుకున్నాను. ఒక నొక్కుకి మూడు ట్యూబుల పని అయ్యేది. నా తర్వాతి షిఫ్టుకి వచ్చే అమ్మాయికీ నేర్పాను. “భలే ఉపాయం కనిపెట్టావక్కా,” అంది. సిగ్గు లేకుండా మురిసిపోయాను కూడా.

ఈ రోజు ట్యూబుల్లో ఒకటి నాది. నా పేరు రాయడానికి చెయ్యి రాక నోటికొచ్చిన పేరేదో రాశాను. తొమ్మిదోదిగా అది చేతికొచ్చినప్పుడే కూత మొదలైంది. పని ఆపితే నా సంగతి తేలదు, ఆపకపోతే ఆ గాలి నా మొహానికే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అలా ఉంది నా పని. మోచేత్తో నొక్కాను. ఎవరో తరుముతున్నట్టు ఆ ట్యూబు పూర్తి చేసి, స్లైడు చేసి, రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు, క్షయ క్రిములు. ఎన్నున్నాయో లెక్కపెట్టడం నా పని కనక లెక్కపెట్టాను. రోగులకి రోజూ చెబుతూనే ఉంటాను, భయపడకండి, మందులున్నాయి, నెలల్లో తగ్గిపోతుంది అని. ఆ మాటలు నాకు నేను చెప్పుకోబోతే ఒక్కటీ నోటికి రాలేదు. నా మెడ మీద పాప ఊపిరి గుర్తొచ్చింది, ఇరవై రోజులు, ఎంత పాపిష్టిదాన్ని నేను. మాస్కు వెనక ఏడుపు ఉప్పగా పెదాల మీదికి దిగింది. తుడుచుకునే వీలు లేదు, కారనిచ్చాను.

తలెత్తేసరికి తర్వాతి షిఫ్టు అమ్మాయి క్యాబినెట్ ముందు కూర్చుని మొదటి ట్యూబు మూత తీస్తోంది. ఎర్ర దీపం వెలిగింది, కూత మొదలైంది. ఆ పిల్ల అటు చూడనైనా చూడకుండా మోచెయ్యి ఎత్తింది, అచ్చం నాలాగే.

“నొక్కకు,” అన్నాను.

“ఏంటక్కా?”

“మూత బిగించి లే అక్కణ్ణుంచి.”

“ఇంకా ఇరవై ఉన్నాయక్కా. సార్ తిడతారు.”

“తిట్టనీ. గ్లోవులు లోపలే తీసెయ్. ఫ్యాను ఆపకు, కాసేపు తిరగనీ, తర్వాత గాజు దించుదాం.”

అన్నీ కాగితంలో ఉన్నట్టే చేశాం. ‘వాడరాదు’ అని అట్టముక్క మీద రాసి గాజుకి అంటించాను. కూత ఆగలేదు, ఎవరమూ ఆపలేదు. ఎనిమిది నెలల తర్వాత దాన్ని మొదటిసారి అంతసేపు కుయ్యనిచ్చాం.

పెద్దడాక్టరు వచ్చాడు. “ఏమిటా రొద? బొత్తాం నొక్కండి.”

“నొక్కం సార్.”

“నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, గుర్తుందా?”

“ఉంది సార్. నా స్లైడు ఆ మైక్రోస్కోపు కింద ఉంది, చూడండి.”

వంగి చూశాడు. లేచి నా నుంచి రెండడుగులు వెనక్కి వేసి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ లేని కంగారు ఇప్పుడాయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆ అమ్మాయి మాత్రం కళ్ళనీళ్ళతో నన్నే చూస్తోంది. “నీక్కూడా పరీక్ష చెయ్యాలి, నా వల్లే,” అని దాంతో చెప్పి, వరండాలోకి వెళ్ళి మా ఆయనకి ఫోను చేశాను.

“డ్యూటీలో ఫోనేంటి?” అన్నాడు.

“పాపని తీసుకుని ఇక్కడికి రండి. అత్తయ్యనీ తీసుకురండి.”

“ఇప్పుడా? నాకిక్కడ పనుంది.”

“ముగ్గురికీ పరీక్ష చెయ్యాలి. నాకు క్షయ వచ్చింది.”

పాపకేమైనా ఉందా అని అడుగుతాడేమోనని చూశాను. కనీసం నీకెలా ఉంది అంటాడేమోనని చూశాను.

“ఎవరికీ చెప్పకు,” అన్నాడు.

“చెప్పేశానండీ,” అన్నాను. “ఆఖర్న మీకు చెబుతున్నాను.”