గున్నమ్మకు పేరు పెట్టిన రోజు

పొద్దున్నే గది ఊడ్చి, పేపర్లు బల్ల మీద పరిచి, ఎండ పడే కిటికీ దగ్గర కుర్చీ వేయడం లైబ్రరీ వదిన పని. ముప్ఫై దాటాక ఆమె అక్షరాలు దిద్దింది కూడా ఆ గదిలోనే. తర్వాత గది తాళంచెవి ఆమె చేతికే వచ్చింది.

ఆ రోజు ఆడపడుచు సంచీ తగిలించుకుని వచ్చింది. ఆమె కంప్యూటర్ల మెకానిక్కు. పాతదైపోయిన లైబ్రరీ కంప్యూటర్లో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది ఆమే. అది ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ఇప్పుడు దానికి ప్రింటర్ని కలపాలి. మూడింటికి అధికారి వస్తున్నాడు. గది మూసేసే ఉత్తర్వు ఇక్కడే ప్రింటు తీసి, సంతకం చేసి, తలుపుకి అంటిస్తాడట. ఈ ఏటి మూసివేతలకు అదే ఆఖరి రోజు, అదీ సాయంత్రం ఐదింటి వరకే.

"మన మెడకి మనమే తాడు పేనుతున్నట్టుంది వదినా. పాడైందని చెప్పేయరాదూ?"

"అబద్ధమాడి గది నిలబెట్టుకుంటే, రేపు అందులో కూర్చుని ఏం చదవనే? నువ్వు కలుపు."

ఆడపడుచు నెట్‌వర్కులో ప్రింటర్ నంబరు చూసి కంప్యూటర్లో కొట్టింది. పరీక్ష కాగితం చక్కగా వచ్చింది. ఇద్దరూ టీ తాగొచ్చి మళ్ళీ పంపితే రాలేదు. బల్ల మీద ప్రింటరే లేదు.

"మెట్ల మీదకి వెళ్లుంటుంది. ఈ వేళప్పుడు అక్కడ ఎండ" అంది వదిన.

మూడో మెట్టు మీద, తీగ తోకలా చుట్టుకుని కూర్చునుంది.

"చోటు మారినప్పుడల్లా దీని నంబరు మారిపోతోంది. ఈ దేశదిమ్మరిని ఎక్కడని వెతకను?"

"నంబరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారే? పేరు పెట్టు. పొట్టిగా, బొద్దుగా ఉంది, గున్నమ్మ అను."

ఆడపడుచు నవ్వబోయి ఆగింది. పేరుతో కలిపే దారి నిజంగానే ఉంది. ముందు ప్రింటర్లో ఆ పేరు పెట్టి, కంప్యూటర్లో నంబరు చెరిపేసి అదే పేరు కొట్టింది. మెట్ల మీద కిర్రుమని చప్పుడైంది, కాగితం వచ్చింది.

"మెకానిక్కులకే పాఠాలు చెప్తున్నావే!"

"మీ అన్నకి చెప్పీ చెప్పీ అలవాటైంది."

మూడింటికి అధికారి వచ్చాడు, చెమట తుడుచుకుంటూ. మంచినీళ్లు తాగి, ఉత్తర్వు తెరిచి మీట నొక్కాడు. ప్రింటు అయిపోయిందని తెర మీద పడింది. బయట గేటు కిర్రుమంది. బల్ల మీద గున్నమ్మ లేదు, మెట్ల మీదా లేదు.

"అయిపోయిందంటోంది. కాగితమేదమ్మా?"

"తీసుకుని వెళ్లిందండీ."

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పి వెళ్లదండీ."

అధికారి తలూపి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పేపరు చదువుతున్న ఒక పెద్దాయన అందులో మధ్య కాగితం తీసి ఇచ్చాడు. ఇద్దరూ చదువుకున్నారు. ఐదు కొట్టింది. గడువు దాటిందని అధికారి తన పుస్తకంలో రాసుకుని, పేపరు మడిచి ఇచ్చి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు వదిన వచ్చేసరికి గడప ముందు గున్నమ్మ ఉంది. కాళ్ల నిండా మట్టి. నోట్లో కాగితం లేదు. వదిన తడిగుడ్డతో కాళ్లు తుడిచి, బల్ల ఎక్కించి, తెల్ల కాగితాలు నింపింది. తర్వాత కిటికీ దగ్గర కుర్చీ వేసింది.