పంపు కింద గుడ్డ

తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చెయ్యి, మెల్లగా రాస్తుంది.

రోజూ ఆమె పడవ ఇంజన్ కింద నీళ్లు తుడిచేది. తెరచాప పడవను గాలే నడుపుతుందనుకుంటారు గానీ, రేవు దాటాలన్నా, గాలి పడిపోయినా అడుగున ఉన్న ఆ ఇంజనే దిక్కు. దాన్ని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లాగే పంపు కారుతుండేది. పెళ్లయిన కొత్తలోనే భర్త గుడ్డ చేతికిచ్చి, ఇది నీ పని అన్నాడు. పడవెక్కిన యాత్రికులకు వండటం, వాళ్ల దుప్పట్లు ఉతకటం, వాంతులు కడగటం కూడా ఆమె పనే. ఆయన చుక్కాని పట్టుకుని కబుర్లు చెప్పేవాడు. ఎందుకు కారుతోందని ఒకసారి అడిగితే, "తుడవమంటే తుడువు, నువ్వేమన్నా ఇంజనీరువా?" అని అందరి ముందూ నవ్వాడు. యాత్రికులూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన పోయాక పడవ ఆమెకు మిగిలింది. మరిది బేరం తెచ్చాడు. ఆడది పడవేం చేసుకుంటుంది, మా ఇంట్లో ఓ గది ఉంది, పిల్లల్ని చూసుకుంటూ ఉండొచ్చు అని నచ్చజెప్పాడు. ఆ గది వంటింటి పక్కదని ఆమెకు తెలుసు. కొనేవాడు సాయంత్రం వస్తాడనగా లప్పం తెచ్చిచ్చాడు.

"పంపు అడుగున చిన్న చిల్లి ఉంది వదినా, అక్కణ్ణుంచే కారుతోంది. ఇది కుక్కెయ్. కొనేవాడి కంట పడకపోతే చాలు."

అతను వెళ్లాక ఆమె పంపును పొడిగా తుడిచి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, తడిమి చూసింది. గొట్టాల బిగింపులు పొడిగా ఉన్నాయి. మూత అంచూ పొడిగానే ఉంది. చిల్లి దగ్గరే చుక్క. కానీ అది పగులు కాదు, గుండ్రంగా, కావాలని తొలిచినది. రేవు మెకానిక్‌ను అడిగింది. లోపల రెండు సీళ్లుంటాయట, ఒకటి నీళ్లను ఆపేది, ఒకటి ఇంజన్ ఆయిల్‌ను ఆపేది. నీటి సీలు అరిగితే తెలియాలనే మధ్యలో ఆ చిల్లి పెడతారట. అది మూస్తే నీళ్లు ఆయిల్లోకి పోతాయి. పైకి చుక్క కనపడదు, లోపల ఇంజన్ పాడైపోతుంది. ఆమె ఆ లప్పం చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసింది. ఆనాడు అందరితో కలిసి నవ్విన నవ్వూ ఇలాంటిదే కదా అనుకుంది. తర్వాత సముద్రపు నీటి కుళాయి కట్టేసి, పంపు విప్పింది. వేళ్లు చీరుకున్నాయి. మెకానిక్ దగ్గర తెచ్చిన కొత్త నీటి సీలు వేసింది.

సాయంత్రం ఇంజన్ మోగుతోంది. పంపు కింద పరిచిన గుడ్డ పొడిగా ఉంది. మరిది కొనేవాడికి గర్వంగా చూపించాడు.

"చూశారా, చుక్క లేదు."

"పడవ అమ్మటం లేదండీ," అంది ఆమె కొనేవాడితో.

"పరువు తీయకు వదినా. నడిపేదెవరు?"

ఆమె చుక్కాని పట్టుకుని మరిదితో అంది. "ఆ తాడు విప్పు అబ్బాయ్. వస్తే నువ్వూ రా. వస్తే మాత్రం గిన్నెలు కడగాలి."

రేవులో ఆమెను పడవ వదిన అంటారు. వయసు అరవై మూడు. ఉండేది ఆ పడవలోనే. చిల్లి తెరిచే ఉంది.