రంగూన్ నుంచి క్షేమ సమాచారాలు

నేను ఒక మైకును. పుట్టింది ఇంగ్లండులో ఒక చిన్న కర్మాగారంలో. గుండె అని చెప్పుకోదగ్గది నాలో ఒకటే ఉంది, అయస్కాంతాల నడుమ వేలాడే పలుచని లోహపు రేకు. మనిషి ఊపిరి తగిలినా అది వణుకుతుంది. నిజానికి ఒక రకంగా, అబద్ధానికి ఇంకో రకంగా వణకడం మాత్రం దానికి తెలియదు. ఆ తేడా మనుషులే చూసుకుంటారని నన్ను చేసినవాళ్ళు నమ్మినట్టున్నారు.

ఓడలో రంగూన్ చేరాను. అక్కడి రేడియో స్టేషన్‌లో తెల్లదొరలు నా ముందు బియ్యం ధరలు చదివేవారు. జపాను సైన్యం దగ్గరపడగానే కనిపించినదల్లా పగలగొట్టి వెళ్ళిపోయారు. బీరువా వెనక పడి ఉన్న నన్ను మరిచిపోయారు. కొత్త యజమానులు నా దుమ్ము దులిపి, తెలుగు మనిషి కోసం వెతికారు. సముద్రం అవతల కాకినాడలో, విశాఖపట్నంలో జనం ఇంగ్లీషువాళ్ళ మీద నమ్మకం వదులుకోవాలి. జపానువాళ్ళకు కావలసింది అది.

అలా వచ్చాడు వీరభద్రదాసు. రేవు కూలీల పేటలో హరికథలు చెప్పేవాడు. ఎదురుగా ఊ కొట్టే మనిషి లేకపోతే ఆయనకు మాట సాగదు. మొదటిరోజు గోడలనూ నన్నూ చూసి రెండు వాక్యాలకే ఆపేశాడు. మర్నాటి నుంచి భార్య లచ్చాయమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఇంట్లో ఉప్పు నిండుకుందంటే ఈయనకి వినబడదు. సముద్రం అవతలోళ్ళకి మాత్రం కబుర్లు చెబుతారంట," అనేది. అంటూనే ఊ కొట్టేది. తెలుగు రాని జపాను అధికారి ఆ ఊ కూడా ప్రసంగంలో భాగమేననుకుని తలాడించేవాడు.

ఇంగ్లీషువాళ్ళను తిట్టే ప్రసంగం ఒక్కటే అయితే ఎవరూ వినరని దాసుకు తెలుసు. అందుకని ఉపాయం చెప్పాడు. రంగూన్‌లో ఉండిపోయిన తెలుగువాళ్ళ క్షేమ సమాచారాలు చదవాలి, వాటి మధ్య ప్రసంగం రావాలి. అవతలి తీరంలో జనం దొంగచాటుగా రేడియోల చుట్టూ మూగుతున్నారని తెలిసిన రోజున ఆయన ముఖం చూడాల్సింది. ప్రాణభయంతో చేశాడని కొందరు, తిండి కోసమని కొందరు తర్వాత అనుకున్నారు. వాళ్ళెవరూ ఆయన పెదవులకు నా అంత దగ్గరగా లేరు. ఎన్ని వేల చెవులో తన వైపు తిరిగి ఉన్నాయన్న ఊహ ఆయనకు మత్తులా పట్టింది.

బతికున్నవాళ్ళ పేర్లు అయిపోవచ్చాయి. ఒక సాయంత్రం ఆయన, "కాకినాడ జగన్నాథపురం సత్తెయ్య క్షేమం. భార్య నూకరత్నం బెంగ పెట్టుకోనక్కర్లేదు," అన్నాడు.

లచ్చాయమ్మ ఊ కొట్టలేదు. సత్తెయ్య రేవులో జపాను బాంబుకే పోయాడు. శవం మీద కప్పింది ఆమె చీరే. దాసు కళ్ళు మూసుకుని ప్రసంగం సాగించాడు.

"చచ్చినోణ్ణి బతికించేశారే," అంది ఆమె బయటికి వెళ్తూ.

"ఒక్క పూటైనా ఆ పిల్ల కంటినిండా నిద్రపోతుంది కదే."

"ఆవిడ నిద్ర సంగతి మీకు తెలిసినట్టు."

మర్నాటి నుంచి ఆమె ఊ కొట్టడానికి రాలేదు. సత్తెయ్య తర్వాత ఆయన ఇంకా కొందరిని బతికించాడు.

యుద్ధం ముగిసి దొరలు తిరిగొచ్చారు. క్షేమ సమాచారాలు చదివినవాడే కదా అని దాసును నాలుగు ప్రశ్నలడిగి వదిలేశారు. కొన్నాళ్ళకు వాళ్ళకూ తెలుగు గొంతు కావలసి వచ్చింది. ఈసారి ఓడల రాకపోకలు చదవడానికి పెట్టుకున్నారు.

ఒక మధ్యాహ్నం రేవులో స్టేషన్ దారి అడుగుతున్న ఒక ఆడమనిషిని లచ్చాయమ్మ వెంటబెట్టుకొచ్చింది. చేతిలో మూట, కాళ్ళకు ఓడ ప్రయాణపు వాపు.

"నూకరత్నం," అని మాత్రం చెప్పి లచ్చాయమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మీ గొంతు గుర్తేనండి," అంది వచ్చినామె. "మా ఆయన బాగున్నాడని సెప్పారు గదండి. మావోళ్ళు మారుమనువు సేత్తామన్నారు. మంచోడే వచ్చాడు. మొగుడు బతికుండగా ఎలాగండి అని పంపేశాను. ఇప్పుడెక్కడున్నాడండి?"

దాసు తడబడ్డాడు. "అప్పుడు బాగానే ఉన్నాడమ్మా. తర్వాతే, జ్వరమొచ్చి..."

నూకరత్నం గోడకు జారగిలబడి కూర్చుంది. చాలాసేపు కొంగు ముఖం మీంచి తీయలేదు.

"తిథి సెప్పండి," అంది చివరికి. "ఏటా పెట్టుకోవాలి గదండి."

పంచాంగం నోటికి వచ్చిన మనిషి ఆయన. ఏ తిథి చెప్పినా చెల్లుతుంది. ఏది చెబితే ఆ రోజున ఆమె బతికున్నంత కాలం సత్తెయ్య పేర ముద్ద పెడుతుంది. ఆయన భార్య వైపు చూశాడు. లచ్చాయమ్మ ఇటు తిరగలేదు.

"పుష్యమాసం," అన్నాడు. "రంగూన్ మీద మొదట బాంబులు పడ్డ రోజు."

నూకరత్నం లోపల్లోపల లెక్క కట్టుకుంది. "అంటే, మీరు రేడియోలో సెప్పేసరికే..."

"అవునమ్మా."

"మరెందుకు సెప్పారండి?"

"నువ్వు వింటావని."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో. మూట తీసుకుని లేచి వెళ్ళింది. వెనకే లచ్చాయమ్మ వెళ్ళింది.

ఇప్పుడు నేను గిడ్డంగిలో, తిరగని పంకాల మధ్య ఉన్నాను. ఆ మధ్యాహ్నం నా మీట ఎవరూ వేయలేదు. ఆయన ఒప్పుకున్న ఆ రెండు మాటలూ గది దాటలేదు. మర్నాడు దాసు యథాప్రకారం వచ్చి నా ముందు నిలబడ్డాడు. మీట వేశారు. తను బతికించిన మిగిలినవాళ్ళ పేర్లు ఆయన పెదవుల మీదే ఉన్నాయి, వాటి ఊపిరి నా రేకుకు తగిలింది. అవతల ఇంకా ఎవరెవరు ఎదురుచూస్తున్నారో ఆయనకు తెలుసు. ఆయన గొంతు సవరించుకుని, కాకినాడ ఓడ రేవు వదిలే వేళ చదివాడు.