గొంతు మావయ్యదే

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: మా మావయ్యను మా సందువాళ్లే కొట్టి పడేస్తారేమోనని.

మావయ్య అప్పలసూరి రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఈ బెంగాలీ ఊళ్లో, టికియాపారాలో, మా సందువాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నేనూ ఏడో తరగతిలోనే బడి మానేశాను. అందుకే నీళ్లు రాకపోయినా, ఎవరైనా పోయినా, మావయ్య మా సందు ఫోన్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతారు. ఆ గొంతు విని అందరూ కదులుతారు.

ఈరోజు పోలింగు. పొద్దున్నే మావయ్య గడప మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుతున్నారు. ఎదురింట్లోంచి, పక్కింట్లోంచి ఒకేసారి ఫోన్లలో ఆయన గొంతే వినపడింది.

"మనోళ్లందరికీ సెప్తన్నాను. ఓటుకి ఎల్లకండి. ఓటర్ల లిస్టులో పేరు తేడా ఉంటే పోలీసులు అట్టుకెళ్లిపోతన్నారు."

బిస్కెట్ టీలో పడిపోయింది.

"ఏటమ్మా, ఈడు నా కంటే బాగా మాటాడతన్నాడే!" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

డ్యూటీలో ఉన్న నా భర్త సాకేత్‌కు ఫోన్ చేశాను. "ఇప్పుడు కంప్యూటరు ఎవరి గొంతయినా తయారుసేసేస్తాదంట. నాన్న పాత మెసేజులు సాలు దానికి," అన్నాడు.

"అది నాను కాదు, ఎల్లి ఓటెయ్యండి," అని మావయ్య వెంటనే మెసేజ్ పెట్టారు. అదే మా కొంప ముంచింది. రెండిట్లో ఏది నకిలీయో ఎవరికీ తెలియలేదు. లైన్లో నిలబడ్డవాళ్లు కూడా తిరిగొచ్చేశారు.

పక్కింటి జయంత్ వీధిలోంచే అరిచాడు. "ఏటి తాతా, పూటకో మాట! ఏ పార్టీకి అమ్ముడుపోయావు?"

"ఆ మెసేజ్ వచ్చినప్పుడు మావయ్య నా ఎదురుగానే కూసున్నారు, అన్నా!" అన్నాను.

"కోడలివి, నువ్వింకేటి సెప్తావులే."

"గొంతు నమ్మకపోతే మొహం సూపిస్తాను," అని మావయ్య చేతికర్ర తీసుకుని ఇల్లిల్లూ తిరగడానికి వెళ్లారు.

పోలింగు అయిపోయింది. మా సందులో సగం మంది ఓటే వెయ్యలేదు. సందు చివర దుర్గాదేవి పిన్ని ఇంటి వైపు నుంచి కేకలు వినిపిస్తున్నాయి. మావయ్య ఫోన్ ఎత్తడం లేదు. మా పాప పూజిత ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. వదిలి కదల్లేను.

ఇంతలో మెసేజ్ వచ్చింది. "అమ్మా, నాను బాగానే ఉన్నాను. తలుపేసుకో."

గొంతు మావయ్యదే. మళ్లీ మళ్లీ విన్నాను. ఆయనో కాదో నాకూ తెలియడం లేదు.

ఈ మాటలు అందినవాళ్లు మీరెవరైనా ఇటువైపు ఉంటే, రైలు పట్టాల పక్క సందులో చివరి ఇల్లు, పచ్చ తలుపు, అదే దుర్గాదేవి పిన్నిది. ఒకసారి వెళ్లి మా మావయ్యను చూడండి. ఫోన్ మాత్రం చేయకండి. మొహం చూసి, మా గుమ్మంలోకి వచ్చి చెప్పండి.