ఆండ్రోమెడాకు చీర

హరిణికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి! నాచారం స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాక, ఎండాకాలం సెలవులన్నీ మెడ నొప్పెట్టేలా సైన్స్ గది పైకప్పు మీద గీసిన బొమ్మలాయె. మూడొందల ఏళ్ల కిందటి నక్షత్ర పటాలు చూసి ఎలుగుబంటిని, సింహాన్ని, రెక్కల గుర్రాన్ని పైకెక్కించింది. గుర్రం పక్కనే గ్రీకు కథలోని రాజకుమారి ఆండ్రోమెడా, పాత పటాల్లో ఉన్నట్టే అరకొర బట్టలతో. తల్లి కూతురి అందం గురించి గొప్పలు పోయిందని సముద్ర దేవుడికి కోపమొస్తే, ఆ కూతుర్నే తీసుకెళ్లి సంకెళ్లతో బండకు కట్టేశారట. ఆ పిల్ల తలలో ఒక చుక్క, నడుము మీద ఒకటి, పాదం దగ్గర ఒకటి.

ఇవాళే ఆ గదికి ప్రారంభోత్సవం. పొద్దున్నే ఉప్పల్ నుంచి వచ్చి తలెత్తి చూస్తే, ఆండ్రోమెడాకు ఎర్ర చీర! నిండు జాకెట్టు, పచ్చంచు, పైగా సంకెళ్ల పక్కనే డజను గాజులు! నిచ్చెన మీద బెన్నీ, మల్లాపూర్ వర్క్‌షాపులకు బోర్డులు రాసే మనిషి.

"ఏంది బెన్నీ అన్నా! ఎవరెయ్యమన్నరు?"

"సారే మేడం. భుజాలు, నడుము కనవడొద్దన్నడు. నన్నేం జెయ్యమంటవు?"

సారంటే కరస్పాండెంట్ ఉమాపతి. సైంటిస్టుగా రిటైరైన పెద్దమనిషి. నడుము మూయబోయి నడుము మీది నక్షత్రాన్నే మూయించాడు. చుక్కల పటంలో చుక్కనే!

అంతలో ఆయనే నవ్వుకుంటూ వచ్చాడు. "పిల్లలు చూసేది కదమ్మా. కాస్త పద్ధతిగా ఉండాలి."

"మరి సంకెళ్లు పద్ధతిగనే ఉన్నయా సార్?"

"అవి కథలో ఉన్నాయమ్మా. కథను మనం మార్చగలమా?"

చీర కట్టించేటప్పుడు గుర్తుకు రాని కథ ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట! ఉద్యోగం పోతే పోయింది అనుకుంది హరిణి.

"అన్నా, జర దిగు."

టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డ పట్టుకుని నిచ్చెనెక్కింది. పచ్చి రంగు కాబట్టి చీర, గాజులు అన్నీ ఊడొచ్చాయి. నడుము మీది చుక్క మళ్లీ కనిపించింది. తర్వాత ఆకాశపు నీలం రంగు కుంచె తీసుకుని, ముందు ఒక మణికట్టు దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర, సంకెళ్లు రెండూ కనపడకుండా పూసేసింది.

"ఏం చేస్తున్నావమ్మా? చీఫ్ గెస్ట్ గేటు దగ్గరికి వచ్చేశారు! ఆ అమ్మాయి బట్టలు?" ఉమాపతి కేకలు పెట్టాడు.

హరిణి తల కూడా తిప్పలేదు.

"చేతులు ఇడిపించిన సార్. కొంగు కావాలంటే ఆమెనే కప్పుకుంటది."