మొదటి స్టీరింగ్

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే: కొత్త చొక్కా వేసుకుని, ముడత పడుతుందని ఎక్కడా కూర్చోకుండా తిరుగుతున్న తమ్ముడు, కడిగిన టీ కప్పులనే మళ్ళీ కడుగుతున్న అతని భార్య, ఫోను చేతికి మొలిచిందా అన్నట్టుండే వాళ్ళ కూతురు, ముందుగదిలో ఇద్దరు పట్టే సోఫాలో ఒక్కడే నిండుగా కూర్చున్న పాత కార్ల క్లబ్బు ప్రెసిడెంటు, షెడ్డులో మెత్తటి గుడ్డ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్న మెకానిక్కు. పొట్టిగా, దిట్టంగా ఉంటాడని ఆ మెకానిక్కును అందరూ బోల్టు అంటారు. వీళ్ళు కాక, షెడ్డు గోడనానుకున్న చిన్న గదిలో మంచం అంచున కూర్చుని, ఒంగి కాన్వాసు బూట్లకు లేసులు కట్టుకుంటున్న డ్రైవరమ్మ. ఆ ఇంట్లో ఆమెను ఎప్పుడూ లెక్కలో చివరనే వేస్తారు. వేస్తే.

డ్రైవరమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. తమ్ముడికి ఆమె స్వయానా అక్క. నాన్న పోయిన ఏడు ఆమె బడి ముగించింది, తమ్ముడు ఇంకా అక్షరాలు దిద్దుతున్నాడు. ఇంట్లో మిగిలింది పంతొమ్మిదివందల డెబ్బైల్లో నాన్న ముచ్చటపడి కొన్న మీగడ రంగు కారు ఒక్కటే. ఆమె ఎవరినీ అడక్కుండా తాళం చేతిలోకి తీసుకుంది. పొద్దున వీధి పిల్లల్ని బడికి, పగలు జబ్బువాళ్ళని ఆసుపత్రికి, సాయంత్రం మళ్ళీ పిల్లల్ని ఇళ్ళకి. ఆ బండి తిరిగినన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి వెలిగింది, తమ్ముడి చదువు సాగింది. ఆమె పెళ్ళి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బండి ఎవరు తోలతారు?

క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయాక కారు షెడ్డులో పడింది. సీట్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. తమ్ముడు పాత ఇనుము కొనేవాణ్ణి పిలుచుకొచ్చిన రోజున డ్రైవరమ్మ షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "ముందు నన్ను తూకం వెయ్యండి, తర్వాత దాన్ని" అంది. ఇనుమువాడు నవ్వుకుంటూ పోయాడు. తమ్ముడు నవ్వలేదు.

తర్వాత ఎక్కడో పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళి, అచ్చం అలాంటి బండి చుట్టూ జనం మూగడం చూసి వచ్చాడు. ఆ సాయంత్రం అక్క గదిలోకి వచ్చి, ఏళ్ళుగా కూర్చోనివాడు మంచం మీద పక్కనే కూర్చున్నాడు.

"అక్కా, బండి బాగుచేయిద్దామే. నాన్న బండి. అలా వదిలేస్తామా?"

ఆమెకు ఏడుపొకటే తక్కువ. అయినా బిగపట్టుకుని ఒక్క షరతు పెట్టింది. "మొదట స్టీరింగ్ నేనే పట్టాలి. గేటు దాటించి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

"అదేం మాటక్కా? నీ బండి నువ్వు పట్టకపోతే ఎవరు పడతారు?"

అప్పట్నించీ ఆమె బతుకంతా ఆ ఒక్క రోజు మీదే ఉంది. షెడ్డుకి ప్లాస్టిక్ పరదా కట్టేశారు, లోపలికి రానివ్వలేదు. దుమ్ము పడుతుందట. ఆమె గోడకు చెవి ఆనించి వినేది. ఇది తుప్పు కోస్తున్న చప్పుడు, ఇది రేకు అతుకుతున్న చప్పుడు అని తనలో తాను చెప్పుకునేది. మంచం కోడుకి ఎడమ పాదం ఆనించి తోసి తోసి మోకాలికి బలం తెచ్చుకునేది. ఒకరోజు ఇంజను మోగింది. ఆ గొంతు ఆమెకు తెలియదు. బోల్టును ఆపి అడిగితే, "సర్వీసింగ్ చేశాం కదమ్మగారూ, గొంతు విప్పుకుంది" అని పళ్ళికిలించాడు.

ఇప్పుడు ఆమె బూట్లు కట్టుకుని, జుట్టు గట్టిగా ముడి వేసుకుని షెడ్డు ముందుకొచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. బోల్టు పరదా లాగాడు.

మీగడ రంగు లేదు. ఎండిన నెత్తురు రంగులో, నేలకు కరుచుకుపోయినట్టు కిందికి దిగి, బొద్దు టైర్ల మీద కూర్చుని ఉందది. ఆమె దగ్గరికెళ్ళి కిటికీలోంచి తొంగి చూసింది. ముందువైపు బల్లలాంటి ఒకే సీటు ఉండేది, అది లేదు. దాని చోట గుంటల్లాంటి రెండు సీట్లు. స్టీరింగ్ పక్కనుండే గేరు నేల మీదికి దిగింది. స్టీరింగ్ చిన్న పళ్ళెమంత అయింది. వెనక సీటు అసలు లేదు, ఇనప గొట్టాలు అడ్డంగా ఉన్నాయి.

"ఇదెవరి బండిరా?" అంది.

అందరూ గొల్లుమన్నారు. ప్రెసిడెంటైతే పొట్ట పట్టుకున్నాడు. "మేడమ్, ఇప్పుడు ఫ్యాషనంతా ఇదే. పైకి పాతది, లోపల కొత్తది."

"మరి లోపలున్న పాతదాన్నేం చేశారు?"

"ఇంజనా? తూకానికేశాం" అన్నాడు తమ్ముడు. "నువ్వు గదిలో నిద్రపోతున్నావులే. లేపడం ఎందుకని."

రంగు ఏదైతేనేం, ఇంజను ఏదైతేనేం, గేటు దాటితే చాలనుకుంది డ్రైవరమ్మ. "తాళం ఇవ్వు" అని చెయ్యి చాపింది.

మరదలు తడి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "వద్దులే వదినా. మోకాలు బాగోలేదు కదా. పెద్దమనుషులొచ్చారు, అందరి ముందూ ఎందుకు?"

"ఎందుకేంటి? మాటిచ్చాను" అన్నాడు తమ్ముడు. తాళం అక్క అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే ముడిచాడు. "మా అక్క డ్రైవరమ్మండీ ప్రెసిడెంటుగారూ. చూడండి తమాషా."

సీటు మరీ కింద ఉంది. ఒక కాలు లోపల పెట్టి, రెండోది పెట్టలేక ఆమె తలుపు పట్టుకుని వేలాడింది. బోల్టు వెనకనించి రెండు చేతులతో నెట్టాడు. మూట జారినట్టు లోపలికి జారి పడింది. తలుపు మూసుకుంది.

"అత్తా, ఇటు చూడు. కొంచెం నవ్వు" అంది మేనకోడలు ఫోను ఎత్తి పట్టుకుని. "అబ్బా, అలా కాదు. కాకరకాయ తిన్నట్టు పెట్టావు మొహం."

డ్రైవరమ్మ ఎడమ పాదం క్లచ్ మీద పెట్టి తొక్కింది. అది కదల్లేదు. మళ్ళీ తొక్కింది. గోడను తొక్కినట్టుంది. మోకాలిలో కలుక్కుమంది.

"ఇంత గట్టిగా ఉందేమిటి బోల్టూ?"

"పెద్ద ఇంజను కదమ్మగారూ. మెత్తటిది కూడా దొరుకుతుంది. నేను చెప్పాను, సారే వద్దన్నారు" అన్నాడు బోల్టు, నెపం తన మీదికి రాకుండా.

"పిల్లకీ జెల్లకీ అందేలా ఉంటే అదేం బండి?" అన్నాడు తమ్ముడు. ఒంగి కిటికీలో తలపెట్టాడు. చేతిలో ఉన్న కళ్ళద్దాల డబ్బాతో స్టీరింగ్ మీదున్న ఆమె వేళ్ళ కణుపుల మీద టక్కున కొట్టాడు. "కాలు పెట్టి కూర్చోడానికి అదేమైనా పీటనుకున్నావా? తొక్కు. మొద్దు!"

అందరూ మళ్ళీ నవ్వారు. డ్రైవరమ్మ మాత్రం ఆ మాటలు గుర్తుపట్టింది. అవి తనవే. తమ్ముడికి డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో స్క్రూడ్రైవర్ పిడితో వాడి కణుపుల మీద కొడుతూ అనేది. ఒకసారి వెనక సీటు నిండా వాడి తరగతి పిల్లలుండగానే అంది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, "ఏడిస్తే గేరు పడదు, తుడుచుకుని నడుపు" అంది. పిల్లలు ఇల్లు చేరేదాకా కిలకిలలాడుతూనే ఉన్నారు. అదొక ముచ్చటగా ఆమెకు ఎప్పుడైనా గుర్తొచ్చేది. వాడికి ముచ్చట కాదని ఇప్పుడు కిటికీలో వాడి మొహం చూస్తేగానీ తెలియలేదు.

"దిగు" అన్నాడు మెల్లగా, ఆమెకొక్కదానికే వినపడేలా. "నా వల్ల కాదు తమ్ముడూ అని ఒక్క మాటనేసి దిగు. నేనే పైకి లేపుతాను."

ఆమె అనలేదు. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, వీపు సీటుకి తన్నిపెట్టి, ఒళ్ళంతా పైకెత్తి క్లచ్ మీద నిలబడింది. అది దిగింది. తాళం తిప్పింది. ఇంజను కుక్కలా మొరిగింది. గేరు వేసి కాలు వదిలింది. బండి ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయింది.

"పోయింది, పోయింది!" అని మేనకోడలు గెంతింది. "నాన్నా, మళ్ళీ చేయించు. సరిగ్గా రాలేదు."

"మేడమ్‌కి వయసైపోయింది పాపం" అన్నాడు ప్రెసిడెంటు, సానుభూతి చూపిస్తున్నట్టు. "మా అత్తగారూ ఇంతే. లిఫ్టు బటను కూడా నొక్కలేదు."

డ్రైవరమ్మ మళ్ళీ ఒళ్ళెత్తి తొక్కి, తాళం తిప్పి, గేరు వేసింది. మోకాలు మంటెత్తిపోతోంది. కంటి వెంట నీళ్ళు అవే కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఈసారి తలకు పనిచెప్పడం మానేసి కాళ్ళకే వదిలేసింది. కాళ్ళకు తెలిసింది పాత ఇంజను ఒక్కటే. అది ఉత్త బద్ధకపుది, అడుగంటా తొక్కితే గానీ మూలుగుతూ లేచేది కాదు. కుడి కాలు అలవాటు ప్రకారం అడుగంటా తొక్కింది.

బండి షెడ్డులోంచి బాణంలా బయటపడింది. తమ్ముడు పక్కకు దూకాడు. మరదలు కెవ్వుమంది. వీపు సీటుకి అంటుకుపోయి, గాలి ముఖాన కొడుతుంటే, డ్రైవరమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. అరుపో నవ్వో ఆమెకే తెలియదు. వాకిలి, కుళాయి, సైకిలు అన్నీ వెనక్కి పోయాయి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ తన చేతుల కింద బండి ఉంది, అది పోతోంది. గేటు తెరిచే ఉంది. అవతల వీధి కనపడుతోంది.

గేటు దగ్గర కొంచెం వంపు. ఆ వంపు ఆమె కళ్ళు మూసుకుని తిప్పేది, పాత పెద్ద స్టీరింగ్‌ని అరచేత్తో అలా రాస్తే తిరిగేది. ఇప్పుడూ అరచేత్తో రాసింది. పళ్ళెమంత స్టీరింగ్, బొద్దు టైర్లు. అది ఇసుమంత తిరిగి బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగేలోపు, బ్రేకు తొక్కేలోపు, ముందు చక్రాలు గేటు దాటాయి. ఆమె వైపు మడ్‌గార్డు గేటు స్తంభాన్ని కరకరా గీరుకుంటూ పోయి ఆగింది. ఆమె మూతి స్టీరింగ్‌కి కొట్టుకుంది. ఇంజను ఆగిపోయింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు.

ఆమె నోట్లో ఉప్పగా తగిలింది. కింది పెదవి చిట్లింది. లేవబోతే ఎడమ కాలు తనది కానట్టుంది. కిటికీ పక్కకు చేరిన మొహాలన్నీ చూసింది. ఒక్కటీ తన వైపు లేదు. అన్నీ మడ్‌గార్డు వైపు ఒంగాయి.

"అయ్యో అయ్యో, పెయింటు రేకుదాకా పోయింది సార్" అన్నాడు బోల్టు, సొంత తోలు లేచినట్టు.

"మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే" అన్నాడు ప్రెసిడెంటు. "ఒక్కచోట కొడితే రంగు కలవదు."

"నేను చెబుతూనే ఉన్నా" అంది మరదలు. ఎవరికీ కాదు, గాలికి.

"నాన్నా, వీడియో తీసెయ్యనా?" అని అడిగింది మేనకోడలు.

"ఉంచు" అన్నాడు తమ్ముడు. మోకాళ్ళ మీద కూర్చుని గీతల మీద వేలు పెట్టి నిమురుతున్నాడు. "ఎవరి ఘనకార్యమో నలుగురికీ తెలియాలిగా."

"తమ్ముడూ" అంది డ్రైవరమ్మ. మాటతో పాటు నెత్తురు గడ్డం మీదికి జారింది. "కాలు రావట్లేదురా."

"గేరు తీసెయ్యి బోల్టూ, వెనక్కి తోద్దాం" అన్నాడు తమ్ముడు.

బోల్టు కిటికీలోంచి చెయ్యి దూర్చి, ఆమె ఒళ్ళో మోచెయ్యి ఆనించి గేరు తప్పించాడు. నలుగురూ ముందునించి నెట్టారు. బండి ఆమెతో సహా వెనక్కి దొర్లి, స్తంభాన్ని వదిలి, వాకిట్లో నిలబడింది. ముందు అద్దంలోంచి ఆమెకు వీధి చిన్నదైపోతూ కనిపించింది.

"తలుపు చూసుకోండి" అన్నాడు ప్రెసిడెంటు, తెలిసినవాడిలా. "మడ్‌గార్డు వెనక్కి జరిగితే తలుపు పట్టేస్తుంది. అప్పుడు చచ్చే చావు."

తమ్ముడు ముందునించి చుట్టి వచ్చాడు. మెల్లగా, అంచు తగలకుండా, తలుపు పూర్తిగా తెరిచాడు. వాడి చొక్కా, వాడి చేతులు అంత దగ్గరగా కనపడేసరికి డ్రైవరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. లేపుతానని అన్నాడుగా. గుంటలాంటి సీట్లోంచి ఒళ్ళు ముందుకు లాక్కుని, చెయ్యి పైకి చాపింది.

"నా వల్ల కాదురా" అంది. "లేపు."

అతను ఒంగి తలుపు అంచుకీ మడ్‌గార్డుకీ మధ్య సందులో బొటనవేలు పెట్టి పైనించి కిందిదాకా లాగాడు. కీలు ఒకసారి ఊపి చూశాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు.

ఆమె తీసింది. అతను తలుపు వేశాడు.